ఏడో పాటకు ముందు

మొన్న రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు ల్యాబులో ఉన్న అమ్మాయి నా మోచేతి మడత దగ్గర స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవగానే, చల్లగా ముక్కులోకి దూసుకొచ్చిన ఆ వాసనకు నేను సూది సంగతే మరిచిపోయాను. "ఏమైంది మేడమ్, ఇంకా గుచ్చనే లేదు, అప్పుడే కండ్లల్ల నీళ్ళా?" అని ఆ పిల్ల నవ్వింది. అందరికీ ఆ వాసన ఆస్పత్రిని గుర్తు చేస్తుందేమో గాని, నాకు మాత్రం టేప్ రికార్డర్ మూత తెరిచి, అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, లోపల మెరిసే చిన్న ఇనుప ముక్కను, హెడ్డు అంటారే, దాన్ని తుడిచిన మధ్యాహ్నాలు గుర్తొస్తాయి. తుడిచినప్పుడల్లా దూది కొసకు గోధుమరంగు మసి అంటుకునేది. అది ఎక్కడి మసి అని నేనెప్పుడూ ఆలోచించలేదు. టేపు మీది పొర అట్లా కొంచెం కొంచెంగా అరిగి రాలుతుందని, అందులో ఉన్న గొంతు కూడా దానితోనే పోతుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

మా ఇల్లు యాకుత్‌పురా స్టేషన్‌కు దగ్గర్లో, రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత ఇరుకు గల్లీలో ఉండేది. బాపు రైల్వేలో ఫిట్టర్. మా ఇంటికీ రజియా వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ, ఆ గోడలో వంగి దూరాల్సిన ఒక చిన్న తలుపు, దానికి గొళ్ళెం ఉండేది గాని ఎవరైనా పెట్టినట్టు నాకు గుర్తులేదు. ఆ తలుపులోంచి ఆషాఢంలో బోనాల నాటి బెల్లపన్నం అటు పోయేది, రంజాన్ నాటి షీర్ ఖుర్మా ఇటు వచ్చేది, ఎండాకాలమంతా మా అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు గిన్నెలు అటు పోయి, ఖాళీగా తిరిగి రాకూడదని వాళ్ళు వేసిన నాలుగు ఖర్జూరాలతో వెనక్కి వచ్చేవి. వానాకాలం గల్లీ నిండా మోకాలిలోతు నీళ్ళు, వాటిలో కాగితం పడవలు, చలికాలం ఆకాశం నిండా పతంగులు, కరెంటు తీగల మీద తెగిన మాంజా. రైలు వచ్చినప్పుడల్లా గూట్లో ఇత్తడి గ్లాసులు గలగలమనేవి. ఆ గలగల ఆగేదాకా మేము మాట మధ్యలో ఆపి, మళ్ళీ అక్కడినుంచే అందుకునేవాళ్ళం. కొత్తగా వచ్చిన చుట్టాలకు అది వింతగా ఉండేది.

మా అన్న పేరు యాదగిరి. నాకంటే పదేళ్ళు పెద్ద. వాడికి చేతులు ఊరికే ఉండేవి కావు. తింటుంటే కంచం మీద, చదువుతుంటే సందుగు పెట్టె మీద, బాపు తిడుతుంటే సొంత తొడల మీద దరువు వేసేవాడు. పెళ్ళి ఊరేగింపులో మర్ఫా డప్పుల వాళ్ళు వచ్చారంటే చాలు, తాషా డప్పు కొట్టేవాని వెనక మూడు గల్లీలు నడిచి పోయేవాడు, అమ్మ వెనకనుంచి అరిచేది. పాట కూడా బాగా పాడేవాడు, ముఖ్యంగా స్నానం చేసేటప్పుడు. ఐటీఐలో వెల్డింగు నేర్చుకొని, మా గల్లీలో సగం మంది పోయిన దారినే దుబాయి పోయాడు. అక్కడ ఓడలు బాగుచేసే యార్డులో పని. అప్పటికి నాకు పదకొండేళ్ళు, రజియాకు పన్నెండు.

ఆ రోజుల్లో మా వైపు దుబాయి ఉత్తరాలంటే కాగితం కాదు, క్యాసెట్. అమ్మకు చదువు రాదు, అన్నకు రాయడం బద్ధకం. అక్కడినుంచి ఎవరైనా సెలవుకు వస్తే వాళ్ళ చేతికి వాడు ఒక క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. సాయంత్రం పొయ్యి పని కాగానే అందరం చుట్టూ కూర్చొని వినేవాళ్ళం. రెండుసార్లు, మూడుసార్లు విని, ఏడ్చేవాళ్ళు ఏడ్చి, నవ్వేవాళ్ళు నవ్వాక, ఆ మనిషి తిరిగి వెళ్ళేలోపు అదే క్యాసెట్ మీద మా జవాబు నింపి పంపాలి. అందరి ఇళ్ళలో అదే పద్ధతి. ఉన్న క్యాసెట్ ఉండగా ఇంకోటి ఎందుకు? వాడి గొంతు మీద అమ్మ గొంతు ఎక్కేది, అమ్మ గొంతు మీద మళ్ళీ వాడి గొంతు. చెరిపేస్తున్నామన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. కొడుకు ఉన్నాడు, మళ్ళీ మాట్లాడతాడు, దాచుకోవడం ఎందుకు?

మూడో ఏట వచ్చిన క్యాసెట్ మాత్రం వేరుగా ఉంది. ఒక వైపు మామూలుగానే అమ్మకూ బాపుకూ కబుర్లు. రెండో వైపు మాకు. వాడి గదిలో ఒక ఫిలిప్పీన్స్ దోస్తు ఉండేవాడట, వాడి దగ్గర సందుగు నిండా ఇంగ్లిష్ పాటలట. వాటిలోంచి తొమ్మిది ఏరి, ఒక్కో పాటకు ముందు అన్నే మాట్లాడి, వరసగా పెట్టి పంపాడు. "చెల్లె, రజియా, దీన్ని హెవీ మెటల్ అంటరు. గిది కొత్తోళ్ళ కోసం. ఒక్కపారే గట్టిది ఇంటే చెవులు మూసుకొని ఉరుకుతరు, అందుకే తేలికదాని కాడికెల్లి మొదలువెడుతున్న. మొదటిపారి డోలు ఒక్కటే ఇనుండ్రి. రెండోపారి గిటారు. మాటల ఫికర్ చెయ్యకుండ్రి, నాగ్గూడ సమజ్ కాలే." ఇదీ, ఇంకొక్క చోటి మాటలూ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. మిగతావి గుర్తు లేకపోవడమే నా జీవితంలో నన్ను నేను క్షమించుకోలేని సంగతుల్లో మొదటిది.

మా ఇంట్లో చిన్న టేప్ రికార్డర్ ఉన్నా, ఆ క్యాసెట్ రజియా వాళ్ళింట్లోనే విన్నాం, ఎందుకంటే వాళ్ళ మామ తెచ్చిన రెండు క్యాసెట్ల పెద్ద టేప్ రికార్డర్ వాళ్ళ దగ్గరుండేది. మొదటిరోజు మాకు తలనొప్పి వచ్చింది. రెండో రోజు అన్న చెప్పినట్టు డోలు ఒక్కటే విన్నాం, మూడో రోజు గిటారు విన్నాం, నాలుగో రోజు నుంచి ఇంక మమ్మల్ని ఆపేవాళ్ళు లేరు. రజియా వాళ్ళ నానీమా, అంటే అమ్మమ్మ, డెబ్బయి ఏళ్ళ మనిషి, తమలపాకు నములుతూ కాసేపు విని, "అరె, యే తో మర్ఫా హై!" అని తేల్చేసింది. పాటల పేర్లు మాకు తెలియవు, అన్న చెప్పినా నోరు తిరగలేదు, కాబట్టి మేమే పేర్లు పెట్టుకున్నాం. మొదటిది సైకిల్ పాట, తేలిగ్గా సాగిపోతుంది కాబట్టి. రెండోది రైలు పాట. మూడోది నానీమా పుణ్యమా అని మర్ఫా పాట. నాలుగోది నెమ్మదిగా, బరువుగా తొక్కుకుంటూ పోయే రోడ్డు రోలర్ పాట. ఐదోది అరుపుల పాట. ఆరోది టకటకటకమని ఊపిరాడనివ్వని కుట్టుమిషన్ పాట. ఎనిమిదోది కొట్లాట పాట, తొమ్మిదోది ఎంతకీ అయిపోని పెద్ద పాట. ఏడోదానికి మేము పేరు పెట్టలేదు. అది మెల్లగా, ఒక్క గిటారుతో మొదలయ్యేది, మాకు అంత నచ్చలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను, దాచి లాభం లేదు. మా బడిలో మొఘల్‌పురా నుంచి వచ్చే ఇద్దరు అమ్మాయిలు ఉండేవాళ్ళు, ఇంట్లో కూడా ఇంగ్లిష్ మాట్లాడతారని పేరు. మా దగ్గర ఫారిన్ పాటలు ఉన్నాయని నేను గొప్పలు పోతే, ఆదివారం వచ్చి వింటామన్నారు. అప్పుడు పట్టుకుంది నాకు సిగ్గు. అంత జోరైన పాట అయిపోగానే మా అన్న "ఇగ సూడుండ్రి, గిప్పుడొచ్చేది మస్తుగుంటది" అని గల్లీ భాషలో మొదలుపెడితే వాళ్ళు నవ్వరా? అసలైన ఫారిన్ క్యాసెట్‌లో మా యాదన్న గొంతు ఏమిటి? రజియాతో చెప్పాను. రజియాకు కూడా సబబుగానే తోచింది. వాళ్ళింట్లో ఉన్న ఒక ఖాళీ క్యాసెట్ పెట్టి, ఒక దాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాటలు ఎక్కించాం. అన్న మాట మొదలు కాగానే రికార్డు అయ్యేదాన్ని పాజ్ నొక్కి ఆపాలి, పాట మొదలు కాగానే వదలాలి. రజియా చెయ్యి ఊపేది, నేను నొక్కేదాన్ని. నా వేలు చురుకని నాకే ఆ పని.

మొదట్లో చెయ్యి కుదరలేదు, ఒక్కోచోట ఆలస్యంగా నొక్కాను, అన్న మాట మొదటి ముక్క లోపలికి పడిపోయింది. ఆరో పాట దగ్గర ఒక్కసారి మాత్రం చెయ్యి సరిగ్గా కుదిరింది. కుట్టుమిషన్ పాట టక్కున ఆగడం, నేను నొక్కడం ఒకటే అయ్యాయి. కొత్త క్యాసెట్ కదలకుండా ఆగింది, పాతది తిరుగుతూనే ఉంది, అన్న మాట్లాడుతూనే ఉన్నాడు: "గిది మెల్లగుంటది. గిది అమ్మకు. అమ్మను కూసోవెట్టి ఇనిపియ్యి చెల్లె. వాడు ఎవల్నో యాది జేసుకుంట పాడుతుంటడు, మాటలు సమజ్ గాకున్నా అమ్మకు ఎరుకైతది." నేను విన్నాను. వినిపిద్దాంలే, రేపు వినిపిద్దాం అనుకున్నాను. గిటారు మొదలవగానే పాజ్ వదిలాను. ఒక్క చుక్క గొంతు కూడా పడలేదు. రజియా శభాష్ అని వీపు తట్టింది.

ఆ రేపు రానే లేదు. మర్నాడు అమ్మ బియ్యం ఏరుతూ కూర్చుంది, ఆ మర్నాడు బాపుకు జ్వరం, ఆదివారం మొఘల్‌పురా పిల్లలు వచ్చి మొదటి రెండు పాటలు విని, చెవులు నొస్తున్నాయని వెళ్ళిపోయారు. ఈలోపు దుబాయి తిరిగి వెళ్ళే మనిషి వచ్చి క్యాసెట్ అడిగాడు. అమ్మ ఒక వైపు మాట్లాడింది. పాటలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి కదా అని రెండో వైపు మేము నింపాం. మొదట పాటల గురించి చెప్పాం, ఏది ఎందుకు నచ్చిందో ఒక్కోటీ చెప్పాం, అయినా ఇంకా టేపు మిగిలిపోతే, అన్నకు మన గల్లీ వినిపిద్దామని టేప్ రికార్డర్ పట్టుకొని గడపలో కూర్చున్నాం. బండి మీద జామకాయలు అమ్మే తాత కేక, బోరింగు కొట్టే చప్పుడు, రైలు, గ్లాసుల గలగల, మసీదులో సాయంత్రపు అసర్ అజాన్, నానీమా దగ్గు, అన్నీ ఎక్కించాం. చివరికి మేమిద్దరం బకెట్ల మీద రోడ్డు రోలర్ పాట వాయించాం. ఎంత నవ్వుకున్నామో! ఆ నవ్వు కింద మా అన్న గొంతు చెరిగిపోతోంది. మాకు తోచనే లేదు.

రెండు నెలలకు కబురు వచ్చింది. ఓడ లోపల వెల్డింగు చేస్తుంటే ఏదో అంటుకుందని అన్నారు, పొగ అన్నారు, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. పెట్టెలో వచ్చాడు మా అన్న. పెట్టె తెరవొద్దన్నారు. అమ్మ దాని మీద చేతులు వేసి, గోళ్ళతో గీరుతూ కూర్చుంది. వాడి వయసు ఇరవై నాలుగు.

తర్వాత వాడి సామాను వచ్చింది. రెండు అంగీలు, ఒక లుంగీ, ఇంకా వాసన పోని సబ్బు ముక్క, మధ్యలో మేము పంపిన క్యాసెట్. అమ్మ దాన్ని చూడగానే లాక్కుంది. జవాబు మొదలుపెట్టే ఉంటాడని ఆశ. బాపు పెట్టాడు. "బిడ్డా యాదగిరీ, మంచిగున్నవా? ఏళకు తింటున్నవా?" అని అమ్మ గొంతే అమ్మను అడిగింది. వాడు ఇంకా జవాబు మొదలుపెట్టలేదు. అమ్మ దాన్ని ఆపమని కూడా అనలేదు, లేచి వెళ్ళి పెరట్లో బోరింగు దగ్గర కూర్చుంది. రెండో వైపు తిప్పితే మేము బకెట్లు వాయిస్తూ నవ్వుతున్నాం. బాపు ఆపేశాడు.

పదిహేను రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను పిలిచింది. ఆమె కళ్ళు ఎండిపోయి, గాజులా ఉన్నాయి. "పద్మా, మీ పాటల క్యాసెట్ల అన్న మాట్లాడిండు గదా? గోడ అవుతల వాని గొంతు నేను ఇన్న." మేము ఎక్కించుకున్న క్యాసెట్ తెచ్చి పెట్టాను. సైకిల్ పాట అంతా అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకొని వింది. పాట ఆగింది. "ఇగ" అన్నాడు మా అన్న. అంతే, రైలు పాట అందుకుంది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఇగ అన్నడు. తర్వాత?"

"తర్వాత పాటొచ్చిందమ్మా."

"ఇగ అని ఊకున్నడా?"

"జాగ సరిపోలేదంట. పాటలు మస్తుగున్నయి గదా."

ఎంత తొందరగా వచ్చింది ఆ అబద్ధం నా నోటికి! అమ్మ ఆ టేప్ రికార్డర్ వైపు చూసి, "రెండు పాటలు తక్కువ వెట్టి నాలుగు మాటలు మాట్లాడకపాయె బిడ్డ" అంది. కొడుకు మీద ఆమెకు మిగిలిన ఒకే ఒక్క ఫిర్యాదు అది, దాన్ని పుట్టించింది నేను.

తొమ్మిది పాటల మధ్య ఎనిమిది ఖాళీలు. వాటిలో ఏడింట నా వేలు ఆలస్యమైంది. మొదటి దాంట్లో "ఇగ". రెండో దాంట్లో గొంతు సవరించుకోవడం. మూడో దాంట్లో నవ్వు మొదలు, "హె" అని. నాలుగో దాంట్లో "సూ", సూడుండ్రి అనబోయిన ముక్క. ఐదో దాంట్లో ఒక ఊపిరి. ఏడో దాంట్లో "చె", చెల్లె అనబోయింది, అది నన్నే. ఎనిమిదో దాంట్లో మాట కాదు, గ్లాసు కింద పెట్టిన చప్పుడు. అమ్మకు ఇవన్నీ కంఠతా వచ్చేశాయి. ముందుకు తిప్పితే టేపు తెగుతుందని ఎవరో భయపెట్టడంతో, ఈ ఏడు ముక్కల కోసం రోజూ మధ్యాహ్నం మొత్తం పాటలన్నీ వినేది. ఊపిరి వినబడాలంటే చప్పుడు పెంచాలి, చప్పుడు పెంచితే పాటలు గల్లీ చివరిదాకా పోయేవి. యాకుత్‌పురా మొత్తంలో రోజూ పన్నెండున్నరకు హెవీ మెటల్ మోగే ఇల్లు మాదొక్కటే. ఒక్కరు లొల్లి అనలేదు. జామకాయల తాత మా గడప ముందు కేక ఆపి, నాలుగిళ్ళు దాటాక మళ్ళీ అందుకునేవాడు. నానీమా ఆ చిన్న తలుపులోంచి వంగి వచ్చి, అమ్మ పక్కన కూర్చొని, తస్బీ పూసలు జరుపుకుంటూ వినేది.

పరామర్శకు వచ్చిన వాళ్ళను కూడా అమ్మ కూర్చోబెట్టేది. ఊరినుంచి వచ్చిన మా మేనత్తలు, తలమీద కొంగు వేసుకొని వరసగా కూర్చొని ఉంటే, అమ్మ వాళ్ళకు ఒక్కో పాటా ముందుగా చెప్పేది. "గిది జర గట్టిగుంటది, భయపడకుండ్రి. గిప్పుడు డోలు ఒక్కటే ఇనుండ్రి. గిది అయినంక మా యాదగిరి నవ్వుతడు." ఎవరు నేర్పారు ఆమెకు డోలు ఒక్కటే వినమని? నేనూ చెప్పలేదు, రజియా చెప్పలేదని ఒట్టేసింది. చెరిగిపోయిన మాటలు మా అమ్మ నోట్లోంచి వస్తుంటే నేను లేచి బయటికి పోయేదాన్ని. వాడి గొంతును నేను మింగేస్తే అది ఆమెలోంచి మాట్లాడుతోందని, పద్నాలుగేళ్ళ దాన్ని, నిజంగానే నమ్మాను. ఇప్పటికీ అది అబద్ధమని చెప్పలేను.

ఇక ఏడో పాట. దానికి ముందు ఏమీ లేదు కదా, నా వేలు అంత చక్కగా పనిచేసింది కదా. కాబట్టి కుట్టుమిషన్ పాట ఆగగానే అమ్మ లేచేది. బాపు డ్యూటీ దిగి వచ్చే వేళ అయ్యేది, పెరటి చూరు కింద పంపు స్టవ్వు మీద అన్నం చూసుకోవాలి. ఆ స్టవ్వు బుస్సుమనే చప్పుడులో పక్కన మనిషి మాట్లాడినా వినబడదు. అన్నం వార్చి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఏడో పాట చివరి తీగలకు సరిగ్గా గడపలోకి వచ్చి నిలబడేది, ఆ తర్వాత వచ్చే "చె" కోసం. రోజూ అంతే. బడి లేనప్పుడల్లా నేను చూస్తూ కూర్చునేదాన్ని. కూర్చో అమ్మా, ఇది నీకు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే, నీకెట్లా తెలుసు అని అడుగుతుంది. అడిగితే పాజ్ సంగతి చెప్పాలి. రేపు చెప్దాం అనుకునేదాన్ని.

ఏళ్ళు గడిచాయి, ఆ టేపు అరిగింది. నేను వారం వారం హెడ్డు తుడుస్తూనే ఉన్నాను, పుణ్యం చేస్తున్నాననుకొని. మొదట ఊపిరి పోయింది, తర్వాత గ్లాసు, తర్వాత నవ్వు. చివరికి సరసర తప్ప ఏమీ లేని చోట కూడా అమ్మ వేలెత్తి, "ఇగో, ఇన్నవా?" అనేది. విన్నానమ్మా అనేదాన్ని. రజియా పెళ్ళయి వెళ్ళిపోయింది, నానీమా పోయింది, మేము ఇల్లు అమ్ముకొని జల్‌పల్లిలో చిన్న ఇల్లు కొనుక్కున్నాం. అక్కడికి వెళ్ళిన ఏడాదే రికార్డర్‌లో చుట్టుకొని ఆ టేపు ముక్కలైంది. అమ్మ ఆ ముక్కలను ఒక చేతిగుడ్డలో మూట కట్టి, ఎక్కడ పెట్టిందో చెప్పలేదు.

బాపు పోయాక, అమ్మకు ఆయాసం మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం ఆమె మంచం పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నేను చెప్పేశాను. పాజ్ సంగతి, మొఘల్‌పురా పిల్లల సంగతి, నా సిగ్గు సంగతి. అమ్మ కోపం తెచ్చుకోలేదు, పైకప్పు చూస్తూ వింది. చిన్నప్పుడు తెలియక చేశావులే అన్నట్టే ఉంది ముఖం. అప్పుడు ఏడో పాటకు ముందు అన్న ఏమన్నాడో చెప్పాను. ఆమె తల తిప్పి నన్ను చూసింది.

"ఏడోదా? గా మెల్లగొచ్చేదా?"

"ఆ."

"అప్పుడు నేను అన్నం కాడికి పోతుంటి గదనే."

"పోతుంటివమ్మా."

"నువ్వు గాడనే కూసొని సూస్తుంటివి."

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నేను పెట్టిన అన్నం తిన్నది గాని మాట్లాడలేదు. ఆమె పెద్దగా తిట్టినా, కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు. మూడో రోజు పొద్దున తనే అడిగింది, "ఎట్లుంటదే అది? పాడు" అని. క్యాసెట్ లేదు, పాట పేరు తెలియదు, ఏ దుకాణంలో అడగాలో తెలియదు. నలభై ఏళ్ళు దాటిన దాన్ని, మంచం పట్టె మీద కూర్చొని, నోటితో గిటారు వాయించాను. మధ్యలో పొడుగ్గా సాగే చోటు రాలేదు, మళ్ళీ మొదటినుంచి అందుకున్నాను, మళ్ళీ అక్కడే తప్పాను. అమ్మ కళ్ళు మూసుకొని అంతా వింది.

"వాడు నీకన్న మంచిగ పాడుతుండె" అంది.

ఆ వానాకాలం దాటలేదు అమ్మ.

ఇప్పుడు యాకుత్‌పురాలో మా గల్లీ ఉన్నచోట మూడంతస్తుల ఇళ్ళు లేచాయి, గోడలో ఆ తలుపు లేదు, జామకాయల బండి లేదు, గొంతులు మోసుకొచ్చే మనుషులు లేరు, క్యాసెట్ అంటే మా అమ్మాయికి బొమ్మలో చూసిన వస్తువు. కిందటేడు ఆ అమ్మాయే తన ఫోన్ నా నోటి దగ్గర పెట్టి, పాడు అంది, ఫోనే పేరు కనిపెడుతుందట. మూడుసార్లు కాదంది, నాలుగోసారి దొరికింది. పేరు, పాడినవాళ్ళు, ఏ సంవత్సరమో, అన్నీ వచ్చాయి. మిగతా ఎనిమిదీ కూడా ఒక్కొక్కటిగా దొరికాయి. మా అమ్మాయి స్నేహితులు ఇప్పుడు నన్ను ఆటపట్టిస్తూ, ఆంటీ, హెవీ మెటల్ కొత్తగా వినాలంటే దేనితో మొదలుపెట్టాలి అని అడుగుతుంటారు. అన్న పెట్టిన వరసలోనే చెప్తాను, డోలు ఒక్కటే వినమని చెప్తాను. ఎనిమిదే చెప్తాను. ఏడోది అమ్మది, ఇంకొకరికి ఇచ్చేది కాదు.

ఆ ఒక్కటి నేను మధ్యాహ్నం పూట పెట్టుకుంటాను, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. ఎంత శుభ్రంగా ఉంటుందో ఫోన్‌లో, ముందు చప్పుడు లేదు, సరసర లేదు, ఊపిరి లేదు, నేరుగా గిటారే మొదలవుతుంది. కిందటి వారం పెట్టగానే వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పప్పు అడుగంటిన వాసన హాల్లోకి వచ్చింది. పాట ఐదు నిమిషాలు. నేను కూర్చున్నచోటు నుంచి లేవలేదు.